తుండుగుడ్డ కింద జీవకణం

నా చిన్ననాటి స్నేహితురాళ్ళను తలుచుకుంటే ముందుగా నోటికొచ్చేవి వాళ్ళ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు. న్యూక్లియసు, మైటోకాండ్రియా, లైసోజోము. ఆమధ్య లైసోజోము తన మనవరాలి పెళ్ళికి శుభలేఖ పంపితే, కవరు మీద పేరు చదివి ఈవిడెవరా అని కాసేపు తికమకపడ్డాను. సంగతి తెలిశాక ఫోన్ చేసి, "ఒసే లైసోజోమూ, నువ్వటే!" అన్నాను. అటువైపు నుంచి ఒకటే నవ్వు. మేం అలా నవ్వడం నేర్చుకున్నది ఒకే ఒక్క ఎండాకాలంలో, నూజివీడు ఆడపిల్లల హైస్కూల్లో. అరవయ్యో అరవయ్యొకటో, సరిగ్గా గుర్తులేదు. ఆ ఏడు మామిడి కాపు ముందుగా వచ్చిందని మాత్రం బాగా గుర్తు.

మా నాన్న మామిడికాయల దళారి. తోట ఆయనది కాదు, కాయ ఆయనది కాదు, లారీ అసలే కాదు. అమ్మే చేతినీ కొనే చేతినీ తుండుగుడ్డ కింద కలపడమే ఆయన పని. అప్పట్లో ధర పైకి చెప్పుకునేవారు కాదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, కలిపిన చేతుల మీద తుండు కప్పుకుని, వేళ్ళు పట్టుకుని బేరమాడేవారు. చుట్టూ ఊరంతా మూగినా ఆ బేరం ఆ రెండు చేతులకే తెలిసేది. కుదిరితే కొనేవాడు అవతలివాడి చేతిని పిడికిలిగా మూసి గట్టిగా ఒక నొక్కు నొక్కేవాడు. అప్పుడు పక్కనున్న దళారి "ఖాయం" అని పైకి అనేవాడు. ఆ మాట పడ్డాక ఇక తిరుగు లేదు. గాలివాన వచ్చి కాయంతా రాలిపోయినా సరే, మాట మాటే. తుండు కింద మాట తప్పినవాడితో మర్నాటి నుంచి రెడ్డిగూడెం తోటల్లో గానీ, విస్సన్నపేట బజార్లో గానీ ఎవరూ చెయ్యి కలిపేవారు కాదు.

నాన్న ఇంట్లో నాతో కూడా ఈ బేరం ఆడేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, చేతి మీద తుండు కప్పుకుని, రమ్మని కళ్ళతో పిలిచేవాడు. నాకేం కావాలో పైకి చెప్పి చెయ్యి లోపల పెట్టాలి. ఇస్తానంటే పిడికిలి మూసేవాడు, ఇవ్వనంటే అరచేతిలో చక్కిలిగింత పెట్టేవాడు. రిబ్బన్లకూ, గాజులకూ, టూరింగు టాకీసులో సినిమాకూ తేలిగ్గానే పిడికిలి మూసేవాడు. ఫోర్తు ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, సైన్సు చదువుతానన్నప్పుడు మాత్రం చక్కిలిగింత పెట్టాడు. మర్నాడూ పెట్టాడు. ఆ మర్నాడు అసలు తుండే తియ్యలేదు.

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. థర్డు ఫారం దాకా మగపిల్లలకూ ఆడపిల్లలకూ చదువొక్కటే. ఆ పైన సైన్సు కావాలంటే మగపిల్లల హైస్కూలుకే వెళ్ళాలి. మా బళ్ళో చరిత్ర ఉంది, కుట్లు అల్లికలు ఉన్నాయి, వంట చెయ్యడం ఎలాగో పుస్తకంలో చదువుకునే క్లాసు కూడా ఉంది. సైన్సు సెక్షను లేదు. మగపిల్లల బడికి పంపనని నాన్న, మన బళ్ళో సెక్షను పెట్టేది లేదని స్కూలు కమిటీ. ఈ ఇద్దరి మధ్యా నా థర్డు ఫారం అయిపోవస్తోంది. జూన్‌లో బడి తెరిచేలోగా ఏదో ఒకటి జరగకపోతే నా జీవితమంతా కాజాలు కుట్టుకుంటూ గడుస్తుందని నాకు గట్టి నమ్మకం. నిజానికి నాకు కుట్టడం కూడా రాదు.

ఈ పిచ్చి నాకు అంటించింది మా సైన్సు టీచరు. వాల్తేరులో చదువుకుని అప్పుడే ఉద్యోగంలో చేరిన చిన్నది. ఎండలో గొడుగు వేసుకుని గబగబా నడిచేది, పాఠం చెబుతున్నప్పుడు ఇంకా గబగబా నడిచేది. హెడ్మిస్ట్రెస్ గదిలో పట్టుబట్ట కప్పి, దేవుడి పటంలా చూసుకునే మైక్రోస్కోపును బతిమాలి బయటికి తెప్పించింది. ఉల్లిపాయ పొర ఒకటి ఒలిచి, దాని కింద పెట్టి నన్ను చూడమంది. చూశాను. ఇటుకలు పేర్చినట్టు గదులు, ఒక్కో గదిలో ఒక్కో చుక్క. ఇంటికెళ్ళి, కూరకు తరగడానికి అమ్మ పెట్టుకున్న ఉల్లిపాయలన్నీ పొరలు పొరలుగా ఒలిచి కిటికీ అద్దానికి అంటించాను. ఆ పూట మా ఇంట్లో ఉల్లిపాయ లేని కూర. అమ్మ తిట్ల మధ్య నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు.

మైక్రోస్కోపులో కనబడనివి టీచరు సుద్దముక్కతో బోర్డు మీద వేసేది. కణం ఒక గది కాదు, ఒక ఊరు అనేది. నడిమధ్య న్యూక్లియసు నుంచి కబురు వస్తుంది. రైబోజోములనే చిన్న గింజల మీద సరుకు తయారవుతుంది. సన్నటి సందుల గుండా ఆ సరుకు గాల్జీ దగ్గరకు చేరుతుంది. గాల్జీ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన చాపల్లాంటి పొరలు. అక్కడ సరుకును సర్ది, చిన్న చిన్న సంచుల్లో కట్టి పంపుతారు. సంచి వెళ్ళి కణం గోడకు ఆనుతుంది. సంచి పొర గోడ పొరలో కలిసిపోతుంది, లోపలి సరుకు బయట పడుతుంది. మనం అన్నం తిన్నప్పుడల్లా కడుపులో ఇదే జరుగుతోందని, అరిగించే రసాలన్నీ ఇలా మూటల్లోనే వస్తాయని ఆవిడ చెప్పాక మేం మధ్యాహ్నం క్యారియర్లు తెరిచి ఒకళ్ళ పొట్టకు ఒకళ్ళం చెవి ఆనించి విన్నాం. లైసోజోము పొట్టలో ఏదో నిజంగానే వినబడింది.

అన్నింటికన్నా మాకు నచ్చింది ఇంకొకటి. ఈ గాల్జీ అనేది నిజంగా ఉందా, రంగు మందు వేసినప్పుడు పడ్డ మరకా అని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారట. కొత్తగా వచ్చిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలు తీశాక గానీ ఉన్నట్టు ఒప్పుకోలేదట. పెద్దవాళ్ళే పోట్లాడుకోగా లేనిది మాకేం తక్కువ? క్లాసంతా ఉంది పార్టీ, లేదు పార్టీ అని విడిపోయింది. ఎడమవైపు జడలో పువ్వు పెట్టుకుంటే ఉంది, కుడివైపు పెట్టుకుంటే లేదు. అసలు సంగతి తెలియని హెడ్మిస్ట్రెస్ గారు ప్రార్థన వేళ మమ్మల్ని చూసి, ఇదేం కొత్త ఫ్యాషనో అని ముక్కున వేలేసుకుంది.

ఆ ఉత్సాహంలో టీచరు కమిటీకి అర్జీ పెట్టింది. కమిటీ ప్రెసిడెంటు గారు ఊళ్ళో అందరికన్నా పెద్ద మామిడి వర్తకుడు. మా నాన్న కలిపే చేతుల్లో సగం ఆయనవే. భారీ మనిషి, భారీ గొంతు, భుజం మీద ఎప్పుడూ జరీ అంచు తుండు. దేశమంతటికీ మామిడిపళ్ళు పంపే ఆయనకు మామిడిపండు పడేది కాదు. తింటే వేడి చేసి ముక్కు వెంట రక్తం వచ్చేదట. కప్పల్ని కోసిన పిల్లను ఎవరు చేసుకుంటారని ఆయన అర్జీని పక్కన పడేశారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అయితే మనసు చెడ్డది కాదు. వార్షికోత్సవం వస్తోంది కదా, ఏం ప్రోగ్రాం కావాలంటే అది వేసుకోండి, ఖర్చు నాది అన్నారు.

టీచరు ఆ మాటనే పట్టుకుంది. వార్షికోత్సవానికి వచ్చేది ఎవరు? మామిడి వర్తకులే. వాళ్ళకు తెలిసినదేమిటి? సరుకు కట్టడం, పంపడం. అయితే జీవకణాన్ని వాళ్ళ కళ్ళ ముందు మామిడికాయల షెడ్డులా ఆడించి చూపిద్దాం, ఈ సైన్సు మన పిల్లలకు పరాయిది కాదని వాళ్ళకే తెలుస్తుంది అంది. వార్షికోత్సవమంటే మేం ఎప్పుడూ కోలాటం వేసేవాళ్ళం. కోలాటం కర్రలు మూలన పారేసి, మర్నాటి నుంచి అందరం కణంలోకి దూరాం.

రిహార్సల్సు జరిగిన రోజుల్లో నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ప్రెసిడెంటు గారే తన తోటలో దించిన మొదటి కాపు బంగినపల్లి కాయలు పంపారు, ఒక్క కాయకు కూడా దెబ్బ తగలకూడదనే షరతు మీద. ఆ కాయలే కణంలో తయారయ్యే సరుకు. పట్టుచీర ఉన్న పిల్ల న్యూక్లియసు. పెట్రోమాక్సు దీపానికి గాలి కొట్టే బొద్దు పిల్ల మైటోకాండ్రియా, ఎందుకంటే కణానికి శక్తి ఇచ్చేది అదే. ఆ పిల్ల గాలి కొట్టడం మరిచిపోతే కణమంతా చీకటి. పాడైన సరుకును తిని కరిగించేది లైసోజోము. ఆ వేషానికి మాలో పోటీ పడని వాళ్ళు లేరు. గెలిచిన పిల్ల మచ్చ ఉన్న కాయను ఉప్పూ కారంతో తినడం మొదలుపెట్టి, మచ్చ లేని కాయలకు కూడా తనే గోటితో మచ్చ పెట్టుకోవడం దాకా వచ్చింది. టీచరు దాన్ని గాల్జీకి దూరంగా, గంపలకు ఇంకా దూరంగా నిలబెట్టాల్సి వచ్చింది.

నేను గోడని. అంటే కణం చుట్టూ ఉండే పొరని. ఆకుపచ్చ చీరలు ముడివేసి, వరసగా పట్టుకుని నిలబడ్డ పిల్లల్లో ముందుదాన్ని, ద్వారం దగ్గరదాన్ని. సంచుల వేషం వేసిన పిల్లలు ఆకుపచ్చ ఓణీలు కట్టుకుని గంపలు మోసుకొచ్చేవారు. నాకు గంప అందించి, వాళ్ళు కూడా చీర అంచు పట్టుకుని మా వరసలో నిలబడాలి. సంచి పొర గోడలో కలిసిపోవడం అలా చూపించాలని టీచరు ఉపాయం. బాగానే ఉంది గానీ, గంప వచ్చినప్పుడల్లా గోడ పొడుగవుతోంది. నాలుగు గంపలు బయటికి వెళ్ళేసరికి మా గోడ వరండా దాటి, మెట్లు దిగి, కుళాయి దాకా పోయింది. నీళ్ళకొచ్చిన ఆయమ్మ ఏంటీ బారు అని తనూ చివర నిలబడింది. టీచరు నడుం పట్టుకుని నవ్వి నవ్వి, కణంలో కూడా ఇలా అయితే అది ఉబ్బిపోవాలి కదా, లోపలికి మళ్ళీ ఎక్కడో లాక్కుంటూ ఉండాలి, పుస్తకంలో మాత్రం లేదు అంది. ఆ తర్వాత నిజంగానే లాక్కుంటుందని తేలింది. మేం మాత్రం వరస వెనుక నుంచి ఇద్దరిద్దర్ని గాల్జీలోకి పరుగెత్తించి సర్దుకున్నాం.

ఒకే ఒక్క విషయంలో లోటు వచ్చింది. పెట్రోమాక్సు దీపాలున్న స్టేజీ మీద ఎండుగడ్డి పెట్టడానికి టీచరు ఒప్పుకోలేదు, నిప్పంటుకుంటుందని. కాబట్టి గంపల్లో గడ్డి లేదు. ఉత్త కాయలు ఉత్త గంపల్లో. మామిడి ఊళ్ళో పుట్టినవాళ్ళం, మాకు అది తప్పుగా అనిపించాలి. సంబరంలో ఉన్నవాళ్ళకు ఏం అనిపిస్తుంది?

వార్షికోత్సవం రోజు సాయంత్రం బడి ఆవరణ నిండిపోయింది. ముందు వరసల్లో మా ఊరి వర్తకులు, రెడ్డిగూడెం, విస్సన్నపేటల నుంచి తోటల ఆసాములు, హనుమాన్ జంక్షన్ నుంచి లారీల ఓనర్లు. వాళ్ళ పక్కన దళారులు, వాళ్ళలో మా నాన్న. ప్రెసిడెంటు గారికి శాలువా కప్పారు. ఆయన మాట్లాడారు. అందరూ ఆయన ఆపడం కోసం ఎదురుచూశారు. ఆపారు. తెర లేచింది.

న్యూక్లియసు పట్టుచీరలో కబురు చెప్పింది. రైబోజోములు కొంగుల్లోంచి కాయలు తీశాయి. సందుల్లో నిలబడ్డ పిల్లలు చేతి నుంచి చేతికి కాయలు విసురుకుంటూ గాల్జీకి చేర్చారు. గాల్జీ పిల్లలు వాటిని ఉత్త గంపల్లో దబదబా వేశారు. మొదటి గంపకు ప్రెసిడెంటు గారు కుర్చీలో కదిలారు. రెండో గంపకు శాలువా నలిపారు. మూడో గంపలో కాయ పడిన చప్పుడు వినగానే ఇక ఆయన వల్ల కాలేదు. ఆ భారీ మనిషి పంచె ఎగ్గట్టి, పక్కనున్న మెట్లు వదిలేసి, స్టేజీ ముందు నుంచే ఎక్కి కణంలోకి వచ్చేశారు.

పిల్లలు బొమ్మల్లా నిలబడిపోయారు. ఆయన ఎవర్నీ చూడలేదు. గంపలో కాయలన్నీ బయట పెట్టించి, గడ్డి లేదని తెలుసుకుని, కాస్త ముందు ఆయనకు కప్పిన శాలువానే మడతపెట్టి గంప అడుగున పరిచారు. ముచ్చిక కిందికి ఉండేలా ఒక్కో కాయా పసిపిల్లను పడుకోబెట్టినట్టు పేర్చారు. మధ్యమధ్య గాల్జీ పిల్లల చేతిరుమాళ్ళు అడిగి తీసుకుని కుక్కారు. జనం ఈలలు వేస్తున్నారు. మైటోకాండ్రియా నోరు తెరుచుకుని చూస్తూ గాలి కొట్టడం మరిచిపోయింది. దీపం తగ్గితే, కాయ కనబడటం లేదని ఆయన గసిరారు. అది తుళ్ళిపడి కొట్టిన గాలికి స్టేజీ పట్టపగలులా అయింది. అదను చూసి లైసోజోము ఒక కాయ అందుకుంది. ఆయన దాని చేతి మీద ఒక్కటిచ్చారు.

గంప కట్టడం అయ్యాక ఆయనకు సందేహం వచ్చింది. దీనికి మార్కా ఏదని అడిగారు. ఏ ఊరికి పోయే గంపకు ఆ ఊరి గుడ్డపీలిక కట్టడం వాళ్ళ పద్ధతి. మార్కా లేని గంప లారీ ఎక్కదు కదా, ఇది ఎక్కడికి పోవాలో దీనికెలా తెలుస్తుంది అన్నారు. తెర పక్కన నిలబడ్డ మా టీచరు కళ్ళు మెరిశాయి. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదండీ, కనుక్కోవాలి అంది. కొన్నేళ్ళకు కనుక్కున్నారు కూడా. సరుకు మీదే ఎక్కడికి పోవాలో గుర్తు ఉంటుందని చదివిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ శాలువా గంపే. ఆ సాయంత్రం మాత్రం ప్రెసిడెంటు గారు ఆ జవాబుతో తృప్తిపడలేదు. జేబురుమాలు చింపి గంపకు కట్టి, తనే భుజానికెత్తుకుని గోడ దగ్గరకు, అంటే నా దగ్గరకు వచ్చారు.

నాకు ఒక్కటే మాట నేర్పారు. 'ఎవరది, ఏం తెచ్చారు' అనాలి. ఆ మాట కాస్తా మరిచిపోయాను. ఆయన గంప దింపి, సరదాకో, ఏళ్ళ తరబడి అలవాటుకో, భుజం మీది జరీ తుండు తీసి కుడిచేతి మీద కప్పుకుని ఆ చెయ్యి నా ముందు చాపారు. బేరం లేకుండా ఆయన చేతి నుంచి గంప కదిలిన రోజు లేదు. జనం ఘొల్లుమన్నారు.

"చెప్పమ్మా గోడా, ఈ గంప బయటికి వదలాలంటే నీకేం కావాలి?"

నవ్వుతూనే అడిగారు. నేను ఏ లడ్డూ అనో, మామిడిపండు అనో అంటానని అందరూ అనుకుని ఉంటారు. నేనూ అలాంటిదే అనబోయాను. నా నోరు వేరేది అంది.

"మా బళ్ళో సైన్సు సెక్షను కావాలండీ."

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. పెట్రోమాక్సు బుసబుస మాత్రం వినబడుతోంది. చేసిన తప్పు సగంలో ఆపడం ఎందుకని తుండు కింద చెయ్యి పెట్టాను. ఆయన చెయ్యి వెచ్చగా, సొన అంటి జిగురుగా ఉంది. కదలలేదు. చక్కిలిగింత పెడతారేమోనని కాచుకున్నాను. ఆయన నా మొహంలోకి చూశారు, నేనూ చూశాను. అప్పుడు ఆ పెద్ద చెయ్యి నా వేళ్ళన్నిటినీ దగ్గరకు తీసి, పిడికిలి మూసి, ఒక్క నొక్కు నొక్కింది.

నొక్కీ నొక్కగానే ఆయనే ఉలిక్కిపడ్డట్టు తుండు లాగేసుకున్నారు. నా చెయ్యి నా మాట వినలేదమ్మా అని తర్వాత ఊరంతా చెప్పుకున్నారట. అప్పటికి మాత్రం ఆట అయిపోయినట్టు చేతులు దులుపుకుని, నాటకం బ్రహ్మాండంగా ఉంది, పిల్లలందరికీ తలా ఒక పలక ఇప్పిస్తానని జనం వైపు తిరిగారు. చప్పట్లు మొదలయ్యాయి. నాకు ఏడుపొచ్చింది. నా పిడికిలి ఇంకా మూసే ఉంది, విప్పితే ఆ ఖాయమైన మాట జారిపోతుందేమోనని.

ముందు వరసలో మా నాన్న లేచి నిలబడ్డాడు.

నాన్న నలుగురిలో గొంతెత్తే మనిషి కాదు. పైగా ఎదురుగా ఉన్నది మా ఇంటి నాలుగు మెతుకులకు ఆధారమైన మనిషి. సీజను ఇప్పుడే మొదలవుతోంది. వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతాడనుకున్నాను. ఆయన రోజూ చేసే పనే చేశాడు.

"ఖాయమైందండీ" అన్నాడు.

ప్రెసిడెంటు గారు వెనక్కి తిరిగారు. మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ గొంతులో లేదు.

"చిన్నపిల్లతో ఆటకి ఖాయం ఏంటయ్యా? అయినా గుడ్డ కింద నువ్వేం చూశావ్?"

"చూశానండీ. చేతులు కలిశాయి. ఇదే చెయ్యి రేపు రెడ్డిగూడెం కాయకి కలపాలి కదండీ."

ఆసాములు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అందరి కళ్ళూ ఆయన భుజం మీది తుండు మీదే ఉన్నాయి. ప్రెసిడెంటు గారు ఆ తుండు తీసి మొహం తుడుచుకున్నారు. తుడుచుకోవడం చాలాసేపు సాగింది. తుండు తీసేసరికి లోపల నవ్వుతున్న మొహం ఉంది. ఈసారి నవ్వు గొంతులోనూ ఉంది. కలిశాయి, నిజమే అన్నారు. ఆ పైన, కప్పలు మాత్రం నాకు చూపించకండి అని టీచరుకు చెప్పి స్టేజీ దిగబోయారు. దిగేముందు ఆగి, ఇంకా తెరవని నా పిడికిలి మీద రెండు వేళ్ళతో తట్టారు.

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. గోడ మొత్తం విడిపోయి టీచరు మీద పడింది. టీచరు గొడుగు ఎక్కడో పోయింది. గాల్జీ ఉందన్న పార్టీ, లేదన్న పార్టీ కావలించుకున్నాయి. ఆకుపచ్చ చీరల ముడులు విప్పడం ఎవరి వల్లా కాక, ముడులతోనే చుట్టగట్టి మోసుకుపోయాం. ఈ గొడవలో కాపలా లేని గంపను లైసోజోము శాలువాతో సహా పట్టుకుపోయింది. శాలువా మర్నాడు తెచ్చి ఇచ్చింది. కాయల గురించి అడిగితే, పాడైనవి తిని కరిగించడం నా పని కదా అంది. అందులో పాడైన కాయ ఒక్కటీ లేదు.

ఇంటికి వస్తున్నంతసేపూ నాన్న నేల చూస్తూ నడిచాడు. నేను పక్కన ఎగురుతూ, ఆగి ఆయన మొహం చూసి, మళ్ళీ ఎగురుతూ వచ్చాను. నాన్నకు కోపం వచ్చిందో లేదో తేల్చుకోలేక అన్నం కూడా సగమే తిన్నాను. ప్రెసిడెంటు గారు ఆ సీజనులో ఆయన్ని పిలవకపోతే మా ఇంటి సంగతేంటన్నది అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. పిలిచారు. తెల్లారగట్లే మనిషిని పంపి మరీ పిలిచారు, మాట మీద నిలబెట్టే దళారి కావాలని. కబురు తెచ్చిన మనిషి వెళ్ళాక నాన్న అరుగు మీద కూర్చుని, చేతి మీద తుండు కప్పుకుని నన్ను పిలిచాడు.

ఈసారి అడగాల్సింది నేను కాదన్నాడు. తనకే ఒకటి కావాలట. ఏం కావాలని అడిగాను.

"మధ్యలో ఆపకు" అన్నాడు.

తుండు కిందికి చెయ్యి పోనిచ్చి, నాన్న గరుకు వేళ్ళు దగ్గరకు తీసుకుని, నా చిన్న చేతిలో పట్టినంత మేరకు మూసి నొక్కాను. ఖాయమని చెప్పడానికి పక్కన దళారి ఎవరూ లేరు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాకు మాత్రం రాత్రి నుంచీ ఒక ప్రశ్న నోట్లో నానుతోంది. అంత జరీ తుండు కింద, అంత దూరం నుంచి, చేతులు కలవడం ఎలా కనబడిందని అడిగాను.

"గుడ్డ కింద చెయ్యి ఎవరికి కనబడుద్దమ్మా?" అన్నాడు నాన్న. "నేను నీ మొహం చూశాను."

జూన్‌లో బడి తెరిచారు. సెక్షనులో చేరినవాళ్ళం ఒక బెంచీకి సరిపడా ఉన్నాం, లైసోజోముతో కలిపి.